దిగుడుబావులు – మన తీరపు దొరువులు

కందిపప్పు రెండు గంటలసేపు ఉడికినను గింజ విరుగకున్నచో మనము మొదట పప్పును నిందింతుము. పిదప దాని నమ్మిన కొట్టువానిని నిందింతుము. చివరకు వండినవారిని నిందించువారు ఇంటిలో ఉండనే యుందురు. నీటిని అనుమానించుట మాత్రము అన్నిటికంటె వెనుక తోచును. మా యింటను అట్లే జరిగినది.

మేము నివసించు గ్రామము నెల్లూరికి తూర్పుగా, బకింగుహాము కాలువకును సముద్రమునకును నడుమనున్న ఇసుకనేలమీద నున్నది. పెరటిలో బోరు వేయించిన క్రొత్తలో నీరు కొబ్బరినీటివలె నుండెను. కొన్నియేండ్లు గడచిన పిమ్మట సబ్బు నురుగు కట్టుట మానెను. గిన్నెల యడుగున తెల్లని పెచ్చు పేరసాగెను. పప్పు ఉడుకుట మానెను. ఇంకను లోతునకు దింపించినచో మంచినీరు పడునని తలచి, చేతనున్న సొమ్మంతయు ఊడ్చిపెట్టి దింపించితిమి. పడిన నీరు నోట పెట్టరానిది.

అప్పుడు మా యత్తగారు చిన్నబిందె మాచేతి కిచ్చి, "ఆ బోరునీళ్లు పారబోసి, తోటలో దొరువునీళ్లు తెచ్చి ఎసరు పెట్టమ్మాయ్" అనిరి. దొరువనగా సరుగుడు నారుమడి ప్రక్కన ఇసుకలో త్రవ్విన గుంట. పైన వెడల్పు, క్రింద ఇరుకు. ఒకవైపున కాలు పెట్టుటకు తొలచిన మెట్లు. దాని లోతు నిలువున్నరకు మించదు. పదిమెట్లు దిగి బిందె ముంచితిమి. ఆ పూట పప్పు వెన్నవలె ఉడికెను. నీటిలోని సున్నపు లవణములు పప్పుగింజను మెత్తబడనీయవనియు, దొరువునీటిలో అవి తక్కువ యనియు తరువాత తెలిసికొంటిమి.

లోతైన బోరు ఉప్పునీరు కక్కుచుండగా, అంగణమంతటి గుంట మంచినీ రేల యిచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకబోయి మేము దిగుడుబావుల కథలోనికి దిగితిమి. దొరువు చిన్నది; ఒక వానకు గట్టు జారిన పూడిపోవునది. కాని దాని వంశము గొప్పది. ముందుగా ఆ వంశమును చెప్పి, పిమ్మట మన తీరమునకు వత్తుము.

నుయ్యి వేరు, బావి వేరు

నేడు నుయ్యి, బావి అను రెండు మాటలను మనము ఒకే యర్థమున వాడుచున్నాము. వెనుకటివా రట్లు వాడలేదు. నుయ్యి యనగా కూపము. గట్టుమీద నిలిచి చేదతో తోడుకొనునది. బావి యనునది సంస్కృతపు వాపీ శబ్దమునుండి పుట్టినది. మెట్లు దిగి నీటిని చేరునది. అమరకోశమున వాపికి దీర్ఘిక యని పర్యాయము. దీర్ఘిక యనగా పొడవైనది. నుయ్యి గుండ్రము, మెట్లవరుస గలది పొడవు. పేరులోనే రూపము దాగియున్నది.

నన్నయభట్టారకుని ఆదిపర్వమున శకుంతల దుష్యంతునకు సత్యముయొక్క గొప్పతనమును తెలుపుచు, నూరు నూతులకంటె ఒక బావి మేలని మొదలిడి, మెట్టుమెట్టుగా పైకెక్కి సత్యమును శిఖరమున నిలుపును. చిన్ననాట ఇంటిలో భారతము చదువుకొన్నప్పుడు నూతికిని బావికిని భేదమేమని అడుగుట మాకు తోచలేదు. ఆ భేదము తెలియకున్నచో ఆ పోలికకు బలమే లేదు. తాడును చేదయు గలవానికి మాత్రమే నుయ్యి నీరిచ్చును. వట్టిచేతులతో వచ్చిన బాటసారికిని బావి దోసిలి నింపును. అందుచేతనే కాబోలు బావి కంత గౌరవము.

దిగుడుబావికి మెట్లబావి, నడబావి యని మారుపేర్లు. నడచి దిగునది గనుక నడబావి. అరవదేశమునను ఇదే మాట చెల్లుచున్నది. కంచికి సమీపమున అయ్యంగార్ కుళమను గ్రామమున విజయనగరపు కాలమున తాతాచార్యులవారు కట్టించిన నడబావి యున్నది. అందు భూమిలోపల నూతిచుట్టును రాతిస్తంభముల మండపము గలదు. ఏటేట చైత్రపూర్ణిమనాడు కంచి వరదరాజస్వామి అచ్చటికి వేంచేసి, మెట్లు దిగి, ఆ మండపమున సేవలందుకొనును. అందుకై ముందుగా నీరు తోడివేయుదురు. ఉత్తరాదిని గుజరాతీలు వావ్ అనియు, రాజస్థానమువారు బావడీ అనియు, హిందీవారు బావలీ అనియు పిలుచుచున్నారు. ఇవన్నియు వాపీ యను తల్లి బిడ్డలే.

కట్టుబడి

దిగుడుబావి కట్టువానికి రెండు చిక్కులు. మొదటిది నీటిమట్టము. వానకాలమున పైమెట్టును తాకు నీరు వైశాఖమునాటికి ఎన్నియో యడుగులు క్రిందికి పోవును. నూతియందైనచో తాడు పొడవు చేయవలెను; బావియందైనచో మరి నాలుగు మెట్లు దిగవలెను. అందుచేత మెట్లు వేసవినాటి యడుగుమట్టము వరకు పోవలెను. రెండవది చుట్టునున్న మట్టి త్రోపుడు. లోతు పెరిగినకొలది మట్టి లోపలికి నెట్టును. తడిసినప్పుడు మరింత నెట్టును. నిట్టనిలువుగా త్రవ్విన పొడవైన కందకము నిలువదు.

ఈ రెంటికిని శిల్పులు ఒకే ఉపాయము పన్నిరి. ఒక చివర గుండ్రని నుయ్యి. దానికి ఎదురుగా భూమిపైనుండి క్రిందివరకు ఏటవాలుగా మెట్లదారి. కొన్ని మెట్ల కొకచోట నిలుచుటకు చదునైన పంచ. ఆ పంచలయొద్ద ఇరుప్రక్కల గోడలను కలుపుచు స్తంభములును దూలములును. చూచువారికి అవి మండపములవలె కనబడును. నిజమున కవి రెండు గోడలను ఒకదానిమీద నొకటి పడకుండ ఆపి పట్టిన చేతులు. లోతు పెరిగినకొలది మండపముల అంతస్తులును పెరుగును. కొన్నిచోట్ల రాళ్లను సున్నము లేకయే పేర్చుదురు. ఆ సందులగుండ ఊటనీరు లోనికి దిగును. గోడవెనుక నీరు నిలిచి త్రోయుట యుండదు. నూతివైపున గట్టుమీద కపిల కట్టి ఎద్దులచే నీరు తోడి పొలమునకు పారించుటయు కలదు. ఒక వైపున మనుష్యులు, ఒక వైపున పైరులు. రెండును ఒకే నీరు త్రాగుచుండెను.

ఈ విద్య గుజరాతుదేశమున పరాకాష్ఠ నందినది. పాటణమున 11వ శతాబ్దమున ఉదయమతి యను రాణి తన భర్తయైన భీమదేవుని స్మృత్యర్థము కట్టించినదని చెప్పబడు రాణీ కీ వావ్ సుమారు 64 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 27 మీటర్ల లోతు గలది; ఏడంతస్తుల శిల్పసంపద. సరస్వతీనది వరదలకు పూడిపోయి శతాబ్దములపాటు భూగర్భముననే యుండి, ఇరువదవ శతాబ్దమున త్రవ్వి వెలికి తీయబడినది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వపు పట్టికలో చేరినది. అంతదూరము పోయి చూడలేని మనవంటివారు 2018లో వెలువడిన ఊదారంగు నూరురూపాయల నోటు వెనుక దాని బొమ్మ చూడవచ్చును. అహమ్మదాబాదు చెంతనున్న అడాలజ్ బావిని 1499లో రూడాబాయి యను రాణి పూర్తిచేయించినది.

తెలుగునేలయు ఈ విషయమున పేదది కాదు. ఓరుగంటి కోటప్రాంతమున కాకతీయులనాటిదని చెప్పు మూడంతస్తుల మెట్లబావి యున్నది. గోలకొండయొద్ద కుతుబుషాహీ సమాధుల తోటలో అనేక బావలీలు గలవు. పెద్ద బావలీ గోడ 2013 వానలకు కూలినది. ఆగాఖాన్ సంస్థవారు దానిని, తక్కిన బావలీలను పూర్వపు పద్ధతినే బాగుచేయించిరి. 2022లో ఆ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారములలో విశిష్ట పురస్కారము లభించినది.

ఎందుకు కట్టించిరి?

సప్తసంతానములలో తటాకము ఒకటి యని మన పెద్దలు చెప్పుదురు. కడుపున పుట్టిన సంతానము మాట తప్పవచ్చును. త్రవ్వించిన నీరు తప్పదు. అందుచేతనే రాజులును, రాణులును, శెట్లును, వేశ్యలును సైతము ఈ పుణ్యమునకు పోటీపడిరి. స్త్రీల పేళ్లు శిలాశాసనములందు తరచుగ కనబడునది దేవాలయములయొద్దను, నీటిపట్టులయొద్దను. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెరువు త్రవ్వించినది. అచ్చటి శాసనము కాకతీయుల వంశక్రమమును తెలుపుటచే చరిత్రకారులకు నిధి వంటిదైనది. ఒక స్త్రీ చెరువు త్రవ్వింపకున్నచో ఆ వంశచరిత్రలో నెంతో భాగము మనకు దక్కెడిది కాదు.

మన నెల్లూరి మండలమునకును ఇట్టి గౌరవమొకటి కలదు. ఉదయగిరినుండి ఏలిన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడపసీమలోని పోరుమామిళ్లయొద్ద పెద్దచెరువు కట్టించి 1369లో శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని అందున్నది. అంతకంటె విలువైనది మరియొకటి యున్నది: మంచిచెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము ఏకరువు పెట్టినది. జలశాస్త్రము తెలిసినవాడు, గట్టినేల, తీయని నీటి నది అంగములలోనివి. కట్టనుండి నీరు కారుట, ఉప్పునేల దోషములలోనివి. ఉప్పు ఎచ్చటనుండి వచ్చునో ముందే చూచుకొనవలెనని ఆరువందల యేండ్ల క్రిందటనే మన యుదయగిరి ప్రభువు రాతిమీద చెక్కించినాడు. ఈ మాటను పాఠకురాండ్రు మనసున నుంచుకొందురు గాక.

ఇక స్త్రీల కీ మెట్లు ఏమైయుండెనో చెప్ప నక్కరలేదు. పురుషులకు చావడి, మనకు రేవు. కోడలు తన కష్టము చెప్పుకొన్నది అచ్చటనే, పెండ్లిమాట మొదట పుట్టినది అచ్చటనే. నెల్లూరి స్వర్ణాలచెరువులో బారాషహీద్ దర్గాయొద్ద మొహర్రము దినములలో జరుగు రొట్టెల పండుగను చూచినవారికి ఈ మాట బోధపడును. హిందువులు, ముసల్మానులు నను భేదము లేక స్త్రీలు మోకాలిలోతు నీట నిలిచి, కోరిక తీరినవారు రొట్టె ఇచ్చుచు, కోరిక గలవారు పుచ్చుకొనుచు నుందురు. ఆ రొట్టె చేతులు మారుటకు గట్టు చాలదు; నీటిలోనికి దిగవలెను.

దోషములు దాచరాదు

వెనుకటి దంతయు బంగారమని వ్రాయుట మాకు సమ్మతము కాదు. దిగుడుబావికి రెండు పెద్ద మచ్చలు గలవు.

మొదటిది, అందరికి మెట్లు పరచిన బావియే కొందరికి మెట్టు త్రొక్కనీయలేదు. దప్పిగొన్న అంటరానివారు గట్టుమీద నిలిచి, ఎవరైన దయతలచి పోయుదురా యని ఎదురుచూచిరి. 1927 మార్చి 20వ తేదీని మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కరు వేలజనముతో పోయి చవదార్ చెరువున నీరు త్రాగుట చరిత్ర మరువరాని సంగతి. దోసెడు నీటికై సత్యాగ్రహము చేయవలసిన దేశము మనది. నూరు నూతులకంటె ఒక బావి మేలన్నది అందరును దిగగల బావినిగూర్చియే గాని, కొందరు కావలికాయు బావినిగూర్చి కాదు.

రెండవది నారికురుపు. ఈ జబ్బు పేరు నేటి పడుచులకు తెలియకపోవుట మన యదృష్టము. దారమువంటి పురుగు రెండుమూడడుగుల పొడవు పెరిగి, కాలిమీద పుండు చేసికొని వెలికి వచ్చును. మంటకు తాళలేక రోగి కాలు నీటబెట్టును. పురుగు ఆ నీట తన పిల్లలను విడుచును. నీటిలోని నలుసంత జీవులు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవారికి సంవత్సరము తిరుగుసరికి మరల పురుగు. కాలు నీటబడని నూతియందు ఈ చక్రము తిరుగదు; కాలు ముంచి నీరు ముంచుకొను దిగుడుబావియందు తిరుగును. మన ఆంధ్రదేశమును ఈ జబ్బు పీడించిన రాష్ట్రములలో నొకటి. 1983–84లో దీనిని నిర్మూలింప పూనుకొన్న ప్రభుత్వమువారు త్రాగునీటి దిగుడుబావులను చేదబావులుగ మార్పించిరి, బోరింగులు వేయించిరి, నీటిని గుడ్డతో వడగట్టుట ఇంటింట నేర్పిరి. 1996 జూలైలో రాజస్థానమున కనబడినదే కడపటి రోగి. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు ఈ జబ్బు తొలగినదని ధ్రువపత్ర మిచ్చినది. ఆ బావులను మూసిన చేతులు పుణ్యమే చేసినవి. కాని జబ్బు పోయిన పిమ్మట మనము చేసినది పుణ్యము కాదు. మూతపడిన బావిని చెత్తగుంట చేసితిమి.

మన తీరమున ఏమి జరుగుచున్నది?

ఇప్పుడు మా పప్పుకుండయొద్దకు తిరిగి వత్తుము.

సముద్రతీరపు ఇసుకక్రింద రెండు నీళ్లు గలవు. క్రింద సముద్రపు ఉప్పునీరు. దానిపై వానలవలన ఇంకిన మంచినీరు. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక; అందుచే ఇది దానిపై తేలును. మా యింటివారు దీనిని గాజుగ్లాసులో చూపిరి. పసుపు కలిపిన చిక్కని ఉప్పునీటిపై గరిటె అడ్డముపెట్టి మెల్లగ మంచినీరు పోసిరి. రెండును కలియక పొరలుగా నిలిచెను. పైనుండి చెంచాతో తీసినంతసేపు మంచినీరే వచ్చెను. అడుగునకు గొట్టము దింపి పీల్చిన మొదటి గ్రుక్కకే ఉప్పు తగిలెను.

పాలమీద మీగడ తీయుట ఎరిగిన మనకు ఇది క్రొత్తవిద్య కాదు. మీగడ తీయు గరిటెను అడుగుదాక ఎవరును దింపరు. దొరువు అట్టి గరిటె. మన పూర్వులు శాస్త్రము చదివి దీనిని త్రవ్వలేదు. నోటి రుచిచేత త్రవ్విరి. గట్టిరాతినేలలో నేడంతస్తుల బావి కట్టవచ్చును; ఇసుకలో లోతు పోయిన గట్టు జారును, ఇంకను పోయిన ఉప్పు తగులును. అందుచే ఇసుకను దాని వాలుననుసరించి గరాటువలె త్రవ్వి, ఒకప్రక్క మెట్లు తీసి, పై పొరలోని నీటిని మాత్రమే చేరిరి. తోటమాలి రెండుచేతుల రెండు కుండలతో దిగి, ముంచుకొని ఎక్కి, నారుమళ్లపై చల్లును. ఎక్కి దిగు కాళ్ల బలము ఎంతయో అంత నీరే పైకి వచ్చును. ఆ వేళకు ఊట మరల నిండును.

ఈ సంగతికి లెక్క కూడ గలదు. హాలెండు దేశస్థుడు గైబెన్ 1889లోను, జర్మనీ దేశస్థుడు హెర్జ్‌బర్గ్ 1901లోను వేర్వేరుగ చెప్పిన సూత్రమిది: సముద్రమట్టమునకు పైన మంచినీరు ఒక యడుగు నిలిచియున్నచో, క్రింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉప్పునీటిని అణచిపెట్టియుండును. వినుట కిది వరముగ నున్నది. దీనిని తిరుగవేసి చూడుడు: పైన ఒక యడుగు మట్టము తగ్గినచో క్రిందనుండి ఉప్పు కాలక్రమమున 40 అడుగులు పైకి వచ్చును! మోటారు గంటలతరబడి ఒకేచోట లాగినప్పుడు గొట్టముక్రింద ఉప్పునీరు పుట్టవలె లేచును. అప్పుడు బోరు ఇంకను లోతునకు దింపుట, మాడిన కూర అడుగంట గరిటె పెట్టి కలిపినట్లు. మేము చేసిన తప్పిదము అదియే.

ఇది ఒక్క యింటి తప్పిదము కాదు. 1990 తరువాత మన తీరమున రొయ్యలచెరువులు విస్తరించినవి. వానికి నిలువనీరు ఉప్పుగలది కావలెను. ఆ ఉప్పు ప్రక్కనేలలోనికి ఇంకును. తీరగ్రామముల త్రాగునీరు చెడుటనుగూర్చిన ఫిర్యాదులు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినవి. 1996 డిసెంబరు 11వ తేదీని ఆ న్యాయస్థానము తీరపు నిషిద్ధ ప్రాంతములోని రొయ్యలచెరువులను తొలగింపుమని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలపుష్ప సాగునకు వేరుగ చట్టము చేసి, అనుమతులిచ్చుట కొక అధికారసంస్థను నియమించినది. రొయ్యలసాగు ఎన్నియో కుటుంబములకు అన్నము పెట్టుచున్న మాట నిజము. దానిని తిట్టుట మా యుద్దేశము కాదు. కాని అన్నము పెట్టినది దాహము తీర్చదు. ఆ గ్రామములలో నీళ్ల క్యాను కొనుచున్నది ఆడువారే. ఇంటిఖర్చులో దాని కొక పద్దు వ్రాసికొనుచున్నదియు వారే.

2004 డిసెంబరు 26వ తేదీని సునామీ అల మన తీరమున కొట్టినప్పుడు ఉప్పునీరు పైనుండి బావులలో పడినది. పైనుండి పడిన ఉప్పును తోడివేయవచ్చును; వానలు కడుగును. క్రిందనుండి లేచిన ఉప్పును కడుగుటకు ఎన్ని వానలు కావలెనో! అల ఒకనాడు వచ్చి పోయినది; మోటారు ప్రతిదినము వచ్చుచున్నది.

మనము చేయదగినది

పాతదొరువులనే మరల త్రవ్వి కుండలతో మోయుడని మేము చెప్పబోము. ఆ మోత ఎవరి నడుము విరిచెనో మేమెరుగుదుము. అదిగాక దొరువు గరాటు చాల చోటు తినును, గట్లు జారును. ఇందులకు బాపట్లలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మంచి ఉపాయము కనిపెట్టిరి. ఇసుకలో కొద్దిలోతున చిల్లులుగల గొట్టములను అడ్డముగ పరచి, వాని ఊటనంతను ఒక చిన్నబావిలోనికి చేర్చి, చిన్నమోటారుతో తోడుదురు. నీరు ఒకేచోట నిలువున పీల్చబడక, విశాలముగ పై పొరనుండియే జారివచ్చును, ఉప్పు లేవదు. దొరువుయొక్క బుద్ధిని నిలిపి, దాని కష్టమును తీసివేసిన పద్ధతి యిది. బోరు చెడిన తీరగ్రామములవారు దీనినిగూర్చి విచారించుట మేలు.

పట్టణమున నేమి చేయవచ్చునో సికింద్రాబాదు బన్సీలాలుపేట బావి చూపినది. దశాబ్దములుగా చెత్తతో పూడిపోయి, బావి యున్నదన్న మాటయే జనము మరచిన చోటది. కల్పనా రమేశ్ అను ఆర్కిటెక్టు స్థాపించిన రెయిన్ వాటర్ ప్రాజెక్టు సంస్థయు, నగరపాలకసంస్థయు చేయికలిపి, చెత్తతీయించి, మెట్లు బాగుచేయించిరి. అడుగున ఊట మరల కనబడినది. 2022 డిసెంబరులో ఆ బావి ప్రజలకు తెరువబడినది. ఉదయమతియు మైలాంబయు చేసిన పనికి ఇది కొనసాగింపు కాదని ఎవరనగలరు?

ఇంటివద్ద మనము చేయగలిగిన పనులు నాలుగు వ్రాయుచున్నాము. ఊరిలో పూడిన బావి యున్నచో, అందు చెత్త వేయుటను మొదట మనమే మానవలెను. పూడిక తీయించు నెడల వేసవిలో, తెలిసినవారిచేతనే తీయింపవలెను. పాడుబడిన బావిలో ప్రాణవాయువు లేకపోవచ్చును గనుక ఎవరినిబడిన వారిని దింపరాదు. ఇసుకనేలలో మరుగుదొడ్డి గుంట నీటిపట్టునకు దూరముగ నుండవలెను; పై పొరనీరు ఎంత తీయనో అంత త్వరగ చెడును. త్రాగుటకు వాడు బావినీటిని గ్రామీణ నీటిసరఫరావారి ప్రయోగశాలలో పరీక్ష చేయించి, కాచి వడగట్టి త్రాగవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఆశ్వయుజ కార్తీకములలో మన నెల్లూరిసీమపై పడు వానను ఇంటికప్పునుండి కాలువలోనికి పోనీయక ఇసుకలో ఇంకనీయవలెను. క్రిందనున్న ఉప్పును అణచిపెట్టునది ఆ నీరే. దానికి వేరే ఆధారము లేదు.

దిగుడుబావి కట్టిన శిల్పి మెట్లు పేర్చినప్పుడు, నీటితోపాటు ఒక లెక్కను కూడ మనకిచ్చినాడు. నిన్న ఏడవమెట్టున నున్న నీరు నేడు తొమ్మిదవమెట్టునకు పోయినచో ఆ సంగతి బిందె ముంచు ప్రతి స్త్రీకిని తెలియుచుండెను. మీట నొక్కగనే వచ్చు నీటికి మెట్లు లేవు. అది ఎంత మిగిలినదో ఎవరికిని కనబడదు. కనబడని నీటిని పొదుపుచేయుట మిక్కిలి కష్టము.

మా తోటలోని దొరువునకు గట్టుపై మొగలిపొదలు నాటించితిమి. ఇసుక జారుట తగ్గినది. దినమునకు రెండు బిందెలు, వంటకు మాత్రము, ముంచుకొనుచున్నాము. ఈ వేసవిలో నీరు మూడుమెట్లు దిగెను. వానలు పడగనే రెండుమెట్లు ఎక్కెను. ఆ ఒక్క మెట్టు ఎందుకు తక్కువయ్యెనని మా యత్తగారు దినదినము అడుగుచున్నారు. ఈ ప్రశ్న మన తీరమున ప్రతి యింటను అడుగవలసినది.